ఎదుగుదల ఇళ్లలోకా, నేల ధరలోకా? పోటీ మహానగరాల పోలిక

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మిత్రులందరికీ నమస్కారం.

రెండు మహానగరాలను పక్కపక్కన పెట్టి ఏది ముందుందో తేల్చమంటే సాధారణంగా రెండు పట్టికలు బయటికి వస్తాయి. ఒకటి ఎదుగుదల పట్టిక. ఉత్పత్తి ఎంత పెరిగింది, ఉద్యోగాలు ఎన్ని వచ్చాయి, పెట్టుబడులు ఎటు మళ్లాయి అన్నది అందులో ఉంటుంది. రెండోది ఖర్చుల పట్టిక. అద్దె, ఇంటి ధర, ప్రయాణం, నెలవారీ బతుకు తెరువుకు అయ్యే మొత్తం అందులో ఉంటాయి. మొదటి దానిలో పైనున్న నగరం రెండో దానిలో చాలాసార్లు అడుగున కనిపిస్తుంది కాబట్టి, జీతం కావాలనుకునేవాళ్లు అటు, ప్రశాంతంగా బతకాలనుకునేవాళ్లు ఇటు వెళ్లవచ్చునని చెప్పి చర్చ ముగించేస్తారు. ఈ ముగింపు నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. ఒక నగరానికి గిరాకీ పెరిగినప్పుడు అది కొత్త ఇళ్లుగా మారి కొత్త మనుషులను చేర్చుకోవచ్చు, లేదా ఉన్న ఇళ్ల ధరల్లోకి ఎక్కి పాత యజమానుల ఆస్తిగా పోగుపడవచ్చు. ఏ నగరంలో ఎంత భాగం ఏ దారిన పోయిందో చూస్తే తప్ప, ఆ రెండు పట్టికలూ ఒకే కథను రెండు వైపుల నుంచి చెబుతున్నాయన్న సంగతి బోధపడదు. నేను తీసుకునే ఉదాహరణల్లో ఎక్కువ భాగం ఉత్తర అమెరికావి, ఎందుకంటే అక్కడ మహానగర ప్రాంతాల లెక్కలు దశాబ్దాలుగా వెలువడుతున్నాయి. అవసరమైన చోట ఇతర దేశాలకూ వెళతాను.

లెక్కల్లోకి దిగే ముందు హద్దుల సంగతి తేల్చుకోవాలి. మహానగర ప్రాంతం అంటే ఒక మేయరు, ఒక కార్పొరేషన్ ఉన్న ఊరు కాదు. అమెరికాలో దాన్ని కౌంటీల (మన జిల్లాల వంటి పాలనా విభాగాల) వారీగా గీస్తారు. ఒక శివారు కౌంటీలోని ఉద్యోగుల్లో కనీసం 25 శాతం మంది కేంద్ర కౌంటీలకు పనికి వెళుతుంటే దాన్ని ఆ మహానగరంలో కలుపుతారు. ఈ నియమం కాగితం మీద చక్కగానే ఉంటుంది, ఫలితాలే విచిత్రంగా ఉంటాయి. టెక్సస్‌లోని డాలస్, ఫోర్ట్ వర్త్ కలిసి ఒకే మహానగరం. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ హోసే మాత్రం పక్కపక్కనే ఉన్నా రెండు మహానగరాలు. డాలస్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోతో పోల్చేవారు సిలికాన్ వ్యాలీలో పెద్ద భాగాన్ని తమకు తెలియకుండానే లెక్క నుంచి తీసేస్తున్నారు. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న రివర్‌సైడ్, శాన్ బెర్నార్డినో ప్రాంతాన్ని కూడా వేరే మహానగరంగానే చూపుతారు, అక్కడి నుంచి రోజూ పనికి వచ్చేవాళ్ల సంఖ్య తక్కువేమీ కాకపోయినా. పైగా శాన్ బెర్నార్డినో కౌంటీలో అధిక భాగం ఎడారి, కాబట్టి ఆ ప్రాంతపు సగటు జనసాంద్రత ఎవరి ఇంటి చుట్టూ కనిపించే సాంద్రతా కాదు.

ఆస్ట్రేలియాలో ఇంకా సరదా అయిన ఉదాహరణ ఉంది. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల పోటీ వందేళ్లకు పైబడినది. 2023 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ అతిపెద్ద నగరంగా సిడ్నీని దాటేసిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. నిజానికి ఆ రోజున మెల్‌బోర్న్‌కు ఎవరూ కొత్తగా రాలేదు. గణాంక శాఖ తన పట్టణ ప్రాంతాల హద్దులను సవరించి పడమటి అంచున ఉన్న మెల్టన్‌ను మెల్‌బోర్న్‌లో కలిపింది. దాంతో 2021 జూన్ నాటి లెక్క ప్రకారం మెల్‌బోర్న్ సుమారు 18,700 మందితో సిడ్నీ కన్నా పెద్దదైంది. అదే శాఖ వాడే విశాల రాజధాని ప్రాంతం అనే మరో నిర్వచనంలో మాత్రం సిడ్నీయే ముందుంది. కాబట్టి ఎవరైనా మీ ముందు పోలికల పట్టిక పెడితే మొదట అడగవలసింది అందులోని గీతలు ఎక్కడ గీశారని.

ఎదుగుదల విషయానికి వస్తే, అందరూ చూపే అంకె ప్రాంతీయ స్థూల ఉత్పత్తి. అది ఆ నేల మీద జరిగిన ఉత్పత్తి విలువను చెబుతుంది, ఆ నేల మీద నివసించేవారి చేతికి వచ్చిన ఆదాయాన్ని చెప్పదు. చమురు బావుల మధ్య ఉన్న టెక్సస్‌లోని మిడ్‌లాండ్ వంటి చిన్న ప్రాంతం తలసరి లెక్కల్లో పెద్ద పెద్ద నగరాలను దాటిపోవడం, చమురు ధర పడగానే జారిపోవడం ఇందువల్లే. మొత్తం ఉత్పత్తి పెరుగుదలకూ తలసరి పెరుగుదలకూ తేడా ఉందని అందరికీ తెలుసు, అయినా వేదికల మీద మొదటిదే ఎక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే వలసలతో ఉబ్బే నగరానికి అది గౌరవాన్ని ఇస్తుంది. 2010 నుంచి 2020 వరకు జనగణనల మధ్య హ్యూస్టన్ ప్రాంత జనాభా 59 లక్షల నుంచి 71 లక్షలకు, డాలస్–ఫోర్ట్ వర్త్ జనాభా 64 లక్షల నుంచి 76 లక్షలకు చేరింది. రెండూ ఇంచుమించు 20 శాతం పెరిగాయి. అదే పదేళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం దాదాపు 9.5 శాతం, శాన్ హోసే 9 శాతం లోపు పెరిగాయి. ఈ పదేళ్లూ సమాచార సాంకేతిక రంగానికి స్వర్ణయుగం. ఆ రంగానికి రాజధాని అనదగిన ప్రాంతం, జీతాలు ఆకాశాన్ని అంటుతున్న ప్రాంతం, టెక్సస్ నగరాలు పెరిగిన వేగంలో సగమే పెరిగింది.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది నిపుణులు కూడా దీన్ని తేలిగ్గా దాటేస్తారు. ఖరీదైన నగరంలో సగటు ఆదాయం పెరగడానికి అక్కడివారందరూ బాగుపడటం ఒక్కటే కారణం కానక్కరలేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఊరు విడిచి వెళ్లినా సగటు పెరుగుతుంది. వెళ్లినవాళ్లు ఆ పట్టికలో కనిపించరు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున కొండల అవతల ఉన్న స్టాక్‌టన్ నుంచి శాన్ హోసేకు 1998 నుంచి ఒక రైలు నడుస్తోంది. దూరం 80 మైళ్లకు పైనే, ప్రయాణం రెండు గంటలకు పైనే, మొదటి రైలు ఇంకా చీకటి ఉండగానే, తెల్లవారుజామున నాలుగు దాటాక బయలుదేరుతుంది. ఆ రైలు ఎక్కేవారి ఉత్పత్తి శాన్ హోసే ఖాతాలో పడుతుంది, వారి ఇంటి అద్దె, వారి నిద్రలేమి స్టాక్‌టన్ ఖాతాలో పడతాయి. ఇలా రాకపోకలు పెరిగాకే 2013లో స్టాక్‌టన్ ప్రాంతాన్ని అఖాతపు విశాల సంయుక్త గణాంక ప్రాంతంలో, అంటే పక్కపక్క మహానగరాలను కలిపి లెక్కించే ప్రాంతంలో, కలిపారు. హద్దుల సమస్య, సగటుల సమస్య రెండూ ఆ రైలుబండిలో కలిసి ప్రయాణిస్తున్నాయి.

ఇప్పుడు స్థోమత, అంటే ఆదాయానికి ఇంటి ఖర్చు అందుతుందా లేదా అన్న సంగతి చూద్దాం. అమెరికాలో ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటి మీద ఖర్చయితే ఆ కుటుంబం మీద భారం పడినట్టు లెక్క. ఈ 30 శాతం ఏదో శాస్త్రీయ పరిశోధనలో తేలిన అంకె కాదు. ప్రభుత్వ గృహాల్లో ఉండేవారి అద్దెకు 1969లో 25 శాతం పరిమితి పెట్టారు, 1981లో దాన్ని 30కి పెంచారు, అది అలాగే స్థిరపడిపోయింది. దాని లోపం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇది ఊహించి వేసిన లెక్క. ఖరీదైన నగరంలో ఒక కుటుంబం ఏడాదికి 1,20,000 డాలర్లు సంపాదించి నెలకు 3,500 చొప్పున అద్దె కడుతోంది అనుకుందాం. అద్దె 35 శాతం, చేతిలో మిగిలేది 78,000. అదే పని చేసే మరో కుటుంబం చవకైన నగరంలో 80,000 సంపాదించి నెలకు 1,700 అద్దె కడుతోంది, అద్దె 25.5 శాతం, మిగిలేది 59,600. నియమం ప్రకారం మొదటి కుటుంబం ఇబ్బందుల్లో ఉంది, రెండోది సుఖంగా ఉంది. చేతిలోని డబ్బును బట్టి చూస్తే సంగతి తారుమారు. ఇప్పుడు తక్కువ జీతాల కుటుంబాలను తీసుకుందాం. ఖరీదైన నగరంలో 48,000 ఆదాయం, 2,400 అద్దె. ఏడాదికి మిగిలేది 19,200. చవకైన నగరంలో 40,000 ఆదాయం, 1,100 అద్దె, మిగిలేది 26,800. అవే రెండు నగరాలు, అదే ఏడాది. ఒక వర్గానికి మొదటిది మేలు, మరో వర్గానికి రెండోది మేలు. నగరాల స్థోమతకు ఒకే అంకె ఇచ్చే పట్టిక ఈ రెండు వర్గాల్లో ఎవరి తరఫున మాట్లాడుతోందో చెప్పదు.

ఊహాలెక్కను పక్కన పెట్టి చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. పీటర్ గానాంగ్, డేనియల్ షోగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా రాష్ట్రాల ఆదాయాల మధ్య అంతరాన్ని పరిశీలించారు. 1880 నుంచి 1980 వరకు, నూరేళ్ల పాటు, పేద రాష్ట్రాలకూ ధనిక రాష్ట్రాలకూ మధ్య తేడా ఏటా సగటున 1.8 శాతం చొప్పున తరుగుతూ వచ్చింది; ఆ తర్వాత ఆ వేగం బాగా మందగించింది. నూరేళ్ల పాటు జరిగింది ఏమిటంటే, పేద ప్రాంతాల నుంచి జనం, చదువుకున్నవారూ చదువుకోనివారూ కూడా, ధనిక నగరాలకు వలస వెళ్లారు. 1960లో దక్షిణాది నుంచి న్యూయార్క్ ప్రాంతానికి వెళ్లిన న్యాయవాది, ఊడ్చి తుడిచే కార్మికుడు ఇద్దరూ, ఇంటి ఖర్చు పోను, లాభపడేవారు. యాభై ఏళ్ల తర్వాత న్యాయవాది ఇంకా లాభపడుతున్నాడు. కార్మికుడికి మాత్రం ఇంటి అద్దె కట్టాక ఆ వలస నష్టంగా మారింది. అంటే ఎదుగుతున్న నగరం తలుపు కొందరికి తెరిచే ఉంది, మిగిలినవారికి మూసుకుంది, ఆ తలుపు మూసింది జీతం కాదు, అద్దె.

కొనుగోలుదారుల విషయంలో ఎక్కువగా వాడే కొలత, ఇంటి మధ్యగత ధరను (సగం ఇళ్లు దానికి పైన, సగం కింద ఉండే ధరను) కుటుంబాల మధ్యగత ఆదాయంతో భాగించడం. మూడు లేదా అంతకన్నా తక్కువ వస్తే అందుబాటు అనీ, అయిదు దాటితే తీవ్రమైన అందుబాటులేమి అనీ ఇళ్ల స్థోమతను నగరాల వారీగా కొలిచే డెమోగ్రాఫియా నివేదికలు వర్గీకరిస్తాయి. ఆ కొలతలో శాన్ హోసే ఇటీవలి సంవత్సరాల్లో పదికి పైన ఉంది, హ్యూస్టన్ నాలుగూ అయిదుల మధ్య తిరుగుతోంది, హాంకాంగ్ ఏళ్ల తరబడి అందరికన్నా పైన కూర్చుంది. సులభంగా అర్థమయ్యే కొలత ఇది, కానీ వడ్డీని పట్టించుకోదు. 3 లక్షల డాలర్ల అప్పు ముప్పై ఏళ్లకు తీసుకుంటే 3 శాతం వడ్డీకి నెలవాయిదా సుమారు 1,265 డాలర్లు, 7 శాతానికి సుమారు 1,996. అమెరికాలో 2021కీ 2023కీ మధ్య జరిగింది సరిగ్గా ఈ మార్పే. ధర ఒక్క డాలరు కూడా పెరగని ఇల్లు కూడా సగానికి పైగా ఖరీదైపోయింది. పన్నుల తేడా దీనికి తోడు. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను రాష్ట్రం వసూలు చేయదు, ఆ లోటును ఆస్తి పన్ను భర్తీ చేస్తుంది కాబట్టి ఇంటి ధర తక్కువగా కనిపించినా ఏటేటా వచ్చే పన్ను నోటీసు బరువుగానే ఉంటుంది. కాలిఫోర్నియాలో కథ దీనికి తలకిందులు. అక్కడ 1978లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారం ఆస్తి పన్ను మూలరేటు ఒక శాతం దాటరాదు, ఇల్లు చేతులు మారే దాకా దాని పన్ను విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగరాదు. 1980లో లక్ష డాలర్లకు కొన్న ఇంటి పన్ను విలువ నలభై ఏళ్లలో ఎక్కువలో ఎక్కువ 2,21,000కు చేరుతుంది, పన్ను సుమారు 2,200 డాలర్లు. పక్కనే అలాంటి ఇంటినే 15 లక్షలకు కొన్న కొత్త కుటుంబం 15,000 కడుతుంది. ఒకే వీధి, ఒకే బడి, ఒకే చెత్తబండి. ఆ నగరం అందుబాటులో ఉందా అని ఆ రెండు ఇళ్ల తలుపులూ తట్టి అడిగితే రెండు వేర్వేరు ఊళ్ల గురించి విన్నట్టుంటుంది. పైగా తరచుగా ఇల్లు మారితే పన్ను పెరుగుతుంది కాబట్టి పాతవారు కదలరు, కదలకపోవడం వల్ల ఖాళీలు తగ్గుతాయి.

అయితే ఖరీదైన ప్రతి నగరాన్నీ దోషిగా నిలబెట్టడం కూడా తొందరపాటే. ఆర్థికవేత్తలు షెర్విన్ రోజెన్ 1979లో, జెన్నిఫర్ రోబాక్ 1982లో చెప్పిన వాదం ప్రకారం, జనం స్వేచ్ఛగా తిరగగలిగినప్పుడు జీతం, అద్దె, జీవన సౌఖ్యం మూడూ ఒకదానినొకటి సర్దుకుంటాయి. జీతంతో పోల్చితే అద్దె మరీ ఎక్కువగా ఉన్న చోట జనం ఇంకా ఉంటున్నారంటే, వాతావరణమో, తీరమో, పని అవకాశమో ఏదో ఒకటి వారిని పట్టి ఉంచుతోందని అర్థం. దీన్నే తిప్పి చెబితే, చవక అన్నది దానంతట అదే గొప్ప కాదు. డెట్రాయిట్ నగర జనాభా 1950లో 18.5 లక్షలు, 2020లో 6.4 లక్షల లోపు. 2013లో ఆ నగర పాలన దివాలా దరఖాస్తు పెట్టుకుంది. అక్కడ కొన్నేళ్ల పాటు ఇళ్లు కట్టుబడి ఖర్చు కన్నా తక్కువకు దొరికాయి. ఉద్యోగాలు వెళ్లిపోయిన వేగంతో ఇళ్లు వెళ్లిపోలేవు, అవి దశాబ్దాలు నిలబడతాయి, అందుకే ధరలు పడిపోతాయి. ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ గ్లేజర్, జోసెఫ్ జ్యూర్కో దీన్ని విపులంగా చూపారు. అలాంటి చవకను స్థోమత పట్టికలో పైన పెట్టి ఆ నగరానికి మార్కులు వేయడం నా దృష్టిలో అన్యాయం. ఎదుగుతూ కూడా అందుబాటులో ఉన్న నగరం వేరు, ఎదుగుదల ఆగి చవకబడిన నగరం వేరు.

మూడో రకం కూడా ఉంది, అందరికన్నా దయనీయమైనది అదేనేమో. 1970 నాటికి లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల తలసరి ఆదాయాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండేవి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక 1990ల ఆరంభంలో లాస్ ఏంజెలెస్‌లో విమాన, రక్షణ పరిశ్రమలు కుంచించుకుపోయాయి. ఉత్తరాన మాత్రం కంప్యూటర్ పరిశ్రమ వేళ్లూనింది. నలభై ఏళ్లలో ఆదాయాల మధ్య పెద్ద అగాధం ఏర్పడింది. కానీ ఇళ్ల అనుమతుల విషయంలో రెండు ప్రాంతాలూ ఒకే తీరుగా బిగుసుకున్నాయి కాబట్టి, లాస్ ఏంజెలెస్‌కు శాన్‌ఫ్రాన్సిస్కో ఆదాయాలు రాలేదు గానీ దాని స్థాయి ఇబ్బందులు మాత్రం వచ్చాయి. ధర, ఆదాయాల నిష్పత్తిలో ఆ నగరం దేశంలోనే అత్యంత కష్టమైన వాటిలో ఒకటి. ఎదుగుదలే ధరలు పెంచుతుంది అనేవారు ఈ ఉదాహరణకు జవాబు చెప్పాలి.

ఇక హ్యూస్టన్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని పొగిడేవారూ తిట్టేవారూ కూడా సగమే చెబుతారు. అమెరికాలోని పెద్ద నగరాల్లో సాధారణ జోనింగ్ చట్టం, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే చట్టం, లేని నగరం ఇదొక్కటే. 1948, 1962, 1993లలో మూడుసార్లు ఓటర్లు దాన్ని తిరస్కరించారు. అంటే ఏ నియమమూ లేదని కాదు. చాలా కాలనీల్లో ప్లాట్ల అమ్మకపు పత్రాల్లోనే షరతులుంటాయి, వాటిని అమలు చేయించడానికి నగర పాలనే కోర్టుకు వెళుతుంది. పార్కింగ్ నియమాలు, ప్లాటు కనీస విస్తీర్ణం నియమాలు దశాబ్దాల పాటు గట్టిగానే ఉండేవి. నిజమైన మార్పు 1998లో వచ్చింది. నగరం నడిబొడ్డు చుట్టూ తిరిగే 610 లూప్ రోడ్డు లోపల, ఒక ఇంటికి ఉండవలసిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి కొన్ని షరతులతో 1,400కు తగ్గించారు; 2013లో ఆ సడలింపును మిగిలిన నగరానికీ విస్తరించారు. దాని ఫలితం రైస్ మిలిటరీ వంటి పేటల్లో నడిస్తే కంటికి కనిపిస్తుంది. పెరడు, వసారా ఉన్న ఒంటి అంతస్తు చెక్క ఇల్లు ఉన్న చోట ఇప్పుడు మూడు ఇరుకైన మూడంతస్తుల ఇళ్లు ఒకదాని భుజాన ఒకటి నిలబడి ఉంటాయి. కింద కారు గది, పైన వంటిల్లు, ఆ పైన పడకగదులు. అందంగా ఉంటాయా అంటే ఉండవనే చెబుతాను. కానీ ఒక స్థలం ఖరీదును ముగ్గురు పంచుకున్నారు, పనిచేసే చోటుకు దగ్గరగా మూడు కుటుంబాలు చేరాయి, దీనికోసం ఎవరూ ఏ విచారణ సభ ముందూ నిలబడవలసిన పని లేకపోయింది. తమ వీధిలో ఇది వద్దనుకున్న కాలనీవాసులు సంతకాలు సేకరించి పాత విస్తీర్ణాన్ని నిలుపుకునే వెసులుబాటు కూడా అదే సవరణలో ఇచ్చారు. వ్యతిరేకించేవారికి తమ వీధి మీద అధికారం ఇచ్చి, నగరం మొత్తం మీద అధికారం ఇవ్వకపోవడమే ఆ సంస్కరణ బతికి బట్టకట్టడానికి కారణమని నా అభిప్రాయం.

మిగతా సగం కూడా చెప్పాలి. హ్యూస్టన్ చవకలో పెద్ద భాగం అంచుల్లోని కొత్త లేఅవుట్ల నుంచి వస్తుంది, అక్కడ కారు లేకుండా పాల ప్యాకెట్ కూడా దొరకదు. 2008లో విస్తరణ పూర్తయిన అక్కడి కేటీ ఫ్రీవే అనే రహదారి, పక్క రోడ్లతో కలిపి, కొన్ని చోట్ల 26 వరసల వెడల్పు. కొన్నేళ్లకే రద్దీ వేళల ప్రయాణం మళ్లీ మందగించింది. ఇంటి ఖర్చుకు రవాణా ఖర్చును కలిపి, రెండూ ఆదాయంలో 45 శాతం లోపు ఉండాలని చూసే ఒక సూచిక ఉంది. ఆ కొలతతో చూస్తే హ్యూస్టన్ ఆధిక్యం బాగా తరుగుతుంది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను ఆ ప్రాంతంలో కొన్ని చోట్ల 50 అంగుళాలకు మించి వాన కురిపించినప్పుడు, వరదనీటి జలాశయాల ముంపు పరిధిలో కట్టిన కాలనీలు కూడా మునిగాయి. అలాంటి చోట ఇంటి ధరలో తగ్గింది బీమా ప్రీమియంలోనో, మరమ్మతు బిల్లులోనో తిరిగి వస్తుంది. ధరల పట్టికలు ఈ ఖర్చును ముందుగా చూపవు. అయినా ఒక్క మాట. 1980ల మధ్యలో చమురు ధర కూలినప్పుడు హ్యూస్టన్ రెండు లక్షలకు పైగా ఉద్యోగాలు పోగొట్టుకుంది, ఇళ్ల ధరలు పడిపోయాయి. డెట్రాయిట్ దారిన పోవలసిన నగరం తేరుకుంది. వైద్య సేవలు, ఓడరేవు, ఇంజినీరింగ్ రంగాలు పెరగడం ఒక కారణం. చవకగా దొరికిన ఇళ్లు కొత్తవారిని రప్పించడం మరొకటి.

కెనడా జంట టొరంటో, మాంట్రియల్‌ల విషయంలో కాలక్రమం ముఖ్యం. మాంట్రియల్ చాలాకాలం దేశంలో అతిపెద్ద నగరం. ఆర్థిక లావాదేవీలు అంతకుముందే టొరంటో వైపు జరుగుతున్నా, 1976లో మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో అధికారం మారి, 1977లో ఫ్రెంచి భాషా శాసనం వచ్చాక, 1978లో సన్ లైఫ్ బీమా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని టొరంటోకు తరలిస్తామని ప్రకటించింది. జనాభాలో కూడా ఆ దశకంలోనే టొరంటో ముందుకు వెళ్లింది. వెనకబడిన మాంట్రియల్‌కు మిగిలింది పాత మూడంతస్తుల అద్దె ఇళ్లు, బయటి మెట్లు, తక్కువ అద్దెలు. దాన్ని చాలాకాలం ఆ నగర విధాన విజయంగా చెప్పుకున్నారు. కొంత నిజమే, అద్దెదారుల రక్షణ అక్కడ బలమైనది, చిన్న అపార్ట్‌మెంట్లు కట్టే ఆనవాయితీ ఉంది. కానీ గత పదేళ్లలో ఎదుగుదల తిరిగి వచ్చేసరికి అద్దెలు కూడా చురుగ్గా పెరగడం మొదలుపెట్టాయి. వియన్నా విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. 1920ల నుంచి ఆ నగరం సొంతంగా కట్టిన ఇళ్లు సుమారు 2,20,000, పరిమిత లాభ సంస్థలవి వాటికి అదనం, జనాభాలో సగం మంది వాటిలోనే ఉంటారు. ఇది నిస్సందేహంగా గొప్ప పని. అయితే 1910 ప్రాంతంలో 20 లక్షలు దాటిన ఆ నగరం జనాభా తగ్గి, నూరేళ్లకు పైగా గడిచాక 2023లో గానీ మళ్లీ ఆ సంఖ్యను చేరలేదన్నది కూడా లెక్కలోకి రావాలి.

గిరాకీ నిజంగా పెరుగుతున్నప్పుడు ఇళ్లు కట్టగలిగిన నగరాలు తక్కువ. టోక్యోలో జోనింగ్ వర్గాలను జాతీయ చట్టం నిర్ణయిస్తుంది; నియమాలకు లోబడిన భవనాన్ని పక్కింటివారి అభ్యంతరం ఆపలేదు. దేశ జనాభా తగ్గుతున్నా టోక్యో పెరుగుతూనే వచ్చింది, అయినా సామాన్యుడి అద్దె దశాబ్దాల పాటు పెద్దగా కదలలేదు. 2023లో మధ్య వార్డుల్లోని కొత్త అపార్ట్‌మెంట్ల సగటు ధర 10 కోట్ల యెన్‌లు దాటిందన్నది దీనికి మరో ముఖం. కొనేవాడి నగరం, అద్దెకుండేవాడి నగరం ఒకటి కావు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో తన నివాస స్థలాల్లో సుమారు నాలుగింట మూడు వంతుల చోట్ల ఎక్కువ ఇళ్లు కట్టుకోవడానికి అనుమతించింది. ఏటా 10 వేల దగ్గరున్న అనుమతులు 2022 నాటికి 20 వేలు దాటాయి.

చివరగా టెక్సస్‌లోని ఆస్టిన్. 2010–2020 మధ్య ఈ ప్రాంత జనాభా 33 శాతం పెరిగి 22.8 లక్షలకు చేరింది. 2020 తర్వాత ఇంటి నుంచే పని చేసే వీలున్న ఉద్యోగులు కాలిఫోర్నియా నుంచి తరలి వచ్చారు. 2022 వసంతానికి ఇళ్ల మధ్యగత ధర 5 లక్షల డాలర్లు దాటింది. ఆ ఏడాది పట్టిక వేసిన వారెవరైనా ఆస్టిన్ స్థోమత కథ ముగిసిందని రాసి ఉండేవారు, కొందరు రాశారు కూడా. కానీ ఆ ధరలను చూసే బిల్డర్లు జనాభాతో పోల్చితే దేశంలో మరే పెద్ద మహానగరంలోనూ లేనన్ని అపార్ట్‌మెంట్లకు పునాదులు వేశారు. అవి పూర్తయి 2023, 2024లలో మార్కెట్లోకి వచ్చేసరికి అద్దెలు రెండంకెల శాతం తగ్గాయి, ఉద్యోగాలు పెరుగుతుండగానే. శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ 2020లో అద్దెలు తగ్గాయి, అయితే అక్కడ తగ్గింది జనం వెళ్లిపోయినందువల్ల. పట్టికలో రెండు తగ్గుదలలూ ఒకేలా కనిపిస్తాయి.

అద్దెలు పడిన తర్వాత ఆస్టిన్‌లో కొత్త అనుమతులు కూడా తగ్గాయి. అప్పు ఖరీదైంది, అద్దె ఆదాయం తగ్గింది, కాబట్టి బిల్డర్లు చేయి వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు పునాది పడని ఇల్లు రెండు మూడేళ్ల తర్వాత లేని ఇల్లుగా తేలుతుంది. అందుకే ఆస్టిన్‌నూ దాని పోటీదారులనూ పోల్చదలచిన వారికి నా సలహా ఒకటే: ఈ ఏటి అద్దెలతో పాటు ఈ ఏటి అనుమతుల లెక్కను కూడా తెప్పించుకోండి, అద్దెలు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టినప్పుడు ఆ అనుమతులు ఎన్ని నెలల్లో పుంజుకుంటాయో ఒక్కొక్క నగరానికీ విడివిడిగా రాసిపెట్టుకోండి.

నమస్కారం. మీ ప్రశ్నలకు సిద్ధంగా ఉన్నాను.